పాత 386, 486 కంప్యూటర్ బోర్డుల గడియారం సెల్లు: కొత్త డల్లాస్ చిప్పు కొనాలా, సీఆర్2032 హోల్డర్ కట్టుకోవాలా?

ముందే తేల్చి చెబుతాం. బోర్డు మీద డల్లాస్ డీఎస్1287 లాంటి నల్ల దిమ్మ చిప్పు, అంటే సెల్లు లోపలే ఉన్న గడియారం చిప్పు ఉంటే, దాని బదులు కొత్త డీఎస్12సీ887 కొనడం కంటే ఉన్న చిప్పునే పక్క నుంచి గీకి సీఆర్2032 అనే నాణెంలాంటి సెల్లుకు హోల్డర్ కట్టుకోవడం మేలు. బోర్డు మీద పీపాలా ఉండే నికెల్ కాడ్మియం బ్యాటరీ ఉంటే మాత్రం, దాని బదులు ఏం వేయాలన్నది నిదానంగా ఆలోచించుకోవచ్చు, ముందు దాన్ని ఈరోజే కత్తిరించి తీసేయండి.

డాస్ మీద నడిచే పాత వేబ్రిడ్జి మెషిన్ను ఇంకా నెట్టుకొస్తున్నవాళ్లకు, తాడిపత్రి, బేతంచెర్ల వైపు బండల ఫ్యాక్టరీ ఆఫీసుల్లో మూలన పడిన 486ను లేపాలనుకునేవాళ్లకు, కాలేజీ ల్యాబు వేలంలో పాత మెషిన్లు కొని బాగుచేసుకునేవాళ్లకు ఈ రివ్యూ పనికొస్తుంది. మార్కులు వేసేటప్పుడు మూడు విషయాలు చూశాం. తర్వాతి సారి సెల్లు మార్చేటప్పుడు సోల్డరింగ్ ఐరన్ అవసరం పడుతుందా? కర్నూలు, అనంతపురం ఎండలకు తట్టుకుంటుందా? సామాను ఊళ్లోనే దొరుకుతుందా?

జబ్బు గుర్తుపట్టడం సులువే. ఆన్ చేయగానే తేదీ 1980 జనవరి 1కి పోతుంది, తూకం చీటీ మీద అదే తేదీ పడుతుంది. స్క్రీన్ మీద ‘సీమోస్ బ్యాటరీ స్టేట్ లో’ అనో, ‘సీమోస్ చెక్‌సమ్ ఎర్రర్’ అనో వస్తుంది. సీమోస్ అంటే ఈ సెల్లు మీద నిలిచే సెటప్ మెమరీ. ఐబీఎం ఏటీ అయితే 161, 163 అంకెలు చూపిస్తుంది. అసలు ఇబ్బంది తేదీతో కాదు, హార్డ్ డిస్కుతో. 1984లో వచ్చిన ఐబీఎం ఏటీలో మోటరోలా ఎంసీ146818 గడియారం చిప్పు పెట్టారు. గడియారంతో పాటు సెటప్ వివరాలు దాచుకోవడానికి అందులో 50 బైట్ల జాగా ఉంటుంది. సెల్లు చచ్చిపోతే ఆ వివరాలన్నీ చెరిగిపోతాయి, ఏ డిస్కు తగిలించారో మెషిన్‌కు తెలియదు. అందుకే ఏ పనికి దిగినా ముందు బయోస్ సెటప్ స్క్రీన్లన్నీ ఫోన్లో ఫోటో తీసి పెట్టుకోండి. డిస్కును దానంతట అది గుర్తుపట్టే బయోస్ కాకపోతే సిలిండర్లు, హెడ్లు, సెక్టార్లు చేత్తో కొట్టాల్సిందే. సీగేట్ ఎస్‌టీ-225 అయితే 615, 4, 17, అంటే ఐబీఎం పట్టికలో టైప్ 2. సీగేట్ ఎస్‌టీ3144ఏ అయితే 1001, 15, 17ను యూజర్ టైప్ కింద ఇవ్వాలి. ఈ అంకెలు రాసుకోకుండా సెల్లు పీకినవాళ్లు డిస్కు పోయిందనుకుని మెషిన్ను పాత సామాన్లకు వేసేస్తుంటారు.

మొదట డీఎస్12సీ887 సంగతి. డల్లాస్ కంపెనీ గడియారం చిప్పు, క్రిస్టల్, లిథియం సెల్లు మూడూ కలిపి ఒకే దిమ్మలో పోతపోసింది. పదేళ్లు నడుస్తుందని మాట ఇచ్చింది, చాలా చిప్పులు అంతకు మించి నడిచాయి. అయితే 1990లలో పోతపోసిన దిమ్మలకు ఇప్పుడు పాతికేళ్లు దాటాయి, వాటి మీద ఆశ పెట్టుకోవద్దు. డల్లాస్‌ను 2001లో మాక్సిమ్ కొనింది, మాక్సిమ్‌ను 2021లో అనలాగ్ డివైసెస్ కొనింది. కొత్త డీఎస్12సీ887 అధీకృత డిస్ట్రిబ్యూటర్ దగ్గర తెప్పించుకుంటే షిప్పింగ్, ట్యాక్సు కలిపి వెయ్యి రూపాయలు దాటుతుంది. సాకెట్‌లో పాతది తీసి ఇది గుచ్చితే పని అయిపోతుంది. సోల్డరింగ్ చేతగానివాళ్లకు ఇంతకంటే సులువైన దారి లేదు.

ఇక ఇబ్బందులు. ఆన్‌లైన్లో రెండు మూడు వందలకే ‘కొత్తది’ అని అమ్మే చిప్పుల్లో పాత బోర్డుల నుంచి పీకి, తోమి, పైన మళ్లీ అచ్చు వేసినవి చాలా ఉంటాయి. చిప్పు మీద నాలుగంకెల డేట్ కోడ్ చూడండి. మొదటి రెండంకెలు సంవత్సరం, తర్వాతి రెండు వారం. 9624 అంటే 1996లో 24వ వారం. కొత్త కోడ్ ఉన్నా నమ్మేయకండి. దూదికి ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) తడిపి రుద్దితే రంగు ఊడి వస్తుందా, కాళ్లకు పాత లెడ్డు ముద్దలు కట్టి ఉందా, కాళ్ల లోపలి వైపు సాకెట్ గీతలు ఉన్నాయా చూడండి. లోపలి సెల్లు వోల్టేజీ బయటి నుంచి కొలవడానికి వీల్లేదు, ఆ కాళ్లు దిమ్మలోనే పూడిపోయి ఉంటాయి. పరీక్ష ఒక్కటే. చిప్పు పెట్టి, టైం సెట్ చేసి, గోడ ప్లగ్గు పీకేసి రెండు మూడు రోజులు వదిలేయండి. రిటర్న్ గడువు దాటకముందే ఈ పని చేయండి.

డీఎస్12సీ887 విషయంలో ఇంకో మెలిక ఉంది. ఇందులో 32 హెక్స్ చిరునామాలో శతాబ్దం అంకెకు విడిగా రిజిస్టర్ ఉంది. ఆ బైటును వేరే పనికి వాడుకునే బయోస్ తగిలితే చెక్‌సమ్ ఎర్రర్ వదలదు. అలాంటి బోర్డుకు ‘సీ’ లేని డీఎస్12887 వేయాలి. చివర ‘ఏ’ ఉన్న రకానికి 21వ కాలు సీమోస్ చెరిపేయడానికి పనిచేస్తుంది. బోర్డు మీద ఆ రంధ్రం గ్రౌండ్‌కు కలిసి ఉంటే ఆ రకం జోలికి పోవద్దు. ఇన్ని చూసి కొన్నా పదేళ్ల తర్వాత మళ్లీ ఇదే తంతు, ఎందుకంటే సెల్లు లోపలే ఉంది. అసలైన కొత్త చిప్పు దొరికితే 5కు 3 మార్కులు. ఎక్కడిదో తెలియని చవక చిప్పుకు మార్కులు వేయలేం.

ఇప్పుడు మాకు నచ్చిన దారి. పాత చిప్పులో చచ్చింది సెల్లు ఒక్కటే. గడియారం, క్రిస్టల్ రెండూ మామూలుగా బాగానే ఉంటాయి. కావలసినవి ఒక సీఆర్2032, వైర్లున్న హోల్డర్, సన్న ఆకురాయి లేదా చిన్న గ్రైండర్, 30 గేజి వైరు, మల్టీమీటర్, మంచి ఫ్లక్సు.

చిప్పును బోర్డు మీద ఉంచి గీకవద్దు. సాకెట్‌లో ఉంటే రెండు చివరల నుంచి కొంచెం కొంచెంగా లేపండి. సోల్డర్ చేసి ఉంటే 18 కాళ్లకూ ముందు కొత్త లెడ్డు కలిపి, తర్వాత పంపుతో లాగండి. 12వ కాలు గ్రౌండ్ పొరకు కలిసి ఉంటుంది కాబట్టి అక్కడ లెడ్డు తొందరగా కరగదు, ఐరన్ పెద్ద మొనతో కాసేపు ఆనించాలి, బలంగా లాగితే రంధ్రం లోపలి రాగి ఊడి వచ్చేస్తుంది. ఆ జాగాలో 24 కాళ్ల వెడల్పు సాకెట్, అంటే వరుసల మధ్య 15.24 మిల్లీమీటర్లు ఉండేది వేయండి. షాపులో ‘24 పిన్’ అని మాత్రమే అడిగితే సన్నది ఇస్తారు, ‘వెడల్పుది’ అని గట్టిగా చెప్పాలి.

చిప్పు మీద రాత మీకు సరిగ్గా కనిపించేలా, 1వ కాలి గుర్తు పైన ఎడమ పక్కకు వచ్చేలా పట్టుకోండి. కుడి వరుసలో పై నుంచి రెండు కాళ్లుంటాయి, అవి 24, 23. తర్వాత మూడు కాళ్ల ఖాళీ. ఆ తర్వాత 19, 18, 17. మళ్లీ ఒక్క కాలి ఖాళీ, దాని కింద 15, 14, 13. మూడు కాళ్ల ఖాళీలో అడుగున ఉన్న జాగా, అంటే 19కి ఆనుకుని ఉన్నది 20, అదే ప్లస్. ఒంటి ఖాళీ 16, అది మైనస్. ఈ రెండు కాళ్లనూ ఫ్యాక్టరీలోనే పైకి వంచి లోపలి సెల్లుకు కలిపి బంకలో పూడ్చేశారు. కాళ్లు బయటికొచ్చే గీతకు కాస్త పైన, ఈ రెండు జాగాల్లో పక్క నుంచి గీకండి. మూతికి మాస్కు తప్పనిసరి, ఆ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు. నల్ల బంకలో వెండిలా మెరిసే చుక్క కనబడగానే ఆగండి. చిప్పు నడినెత్తిన మాత్రం ఎప్పుడూ తొలవకండి, లోపల లిథియం సెల్లు ఉంది.

రెండు చుక్కల మీద మీటర్ పెడితే పాత సెల్లు వోల్టేజీ తెలుస్తుంది. 2.5 వోల్టుల లోపుంటే జబ్బు అదే. ఇక్కడే చాలామంది తొందరపడి కొత్త హోల్డర్‌ను ఆ చుక్కలకే అతికించేస్తారు. అలా చేస్తే చచ్చిన సెల్లు కొత్త సెల్లును తాగేస్తుంది, కొద్ది నెలల్లోనే మళ్లీ మొదటికొస్తుంది. 20వ కాలి చుక్కకు పైన సన్నగా గాడి కోసి, లోపలి సెల్లుకు పోయే దారి తెగ్గొట్టాలి. వీలైతే 16వ కాలికీ అలాగే చేయండి. గాడిలో లోహం పొడి మిగిలితే తెగినట్టు కనిపిస్తూనే కలిసి ఉంటుంది, పాత టూత్ బ్రష్షుతో దులపండి. చిప్పు వైపు చుక్కల మీద మీటర్ సున్నా చూపిస్తేనే తెగినట్టు లెక్క.

తర్వాత చుక్కలకు ఫ్లక్సు రాసి, 330 డిగ్రీల దగ్గర ఐరన్ రెండు మూడు సెకన్లు ఆనించి లెడ్డు పట్టించండి, ఎర్ర వైరు 20కి, నల్ల వైరు 16కి. వైర్లు కదలకుండా అరాల్డైట్ వేయండి. గ్లూ గన్ జిగురు వద్దు, వేసవిలో కేసు లోపలి వేడికి మెత్తబడి వైరు బరువుకు జారిపోవచ్చు. ఈ చిప్పుల లోపల రివర్స్ చార్జింగ్ జరగకుండా రక్షణ ఉంది కాబట్టి కరెంటును ఒకే వైపు పోనిచ్చే డయోడ్ విడిగా అక్కర్లేదు. స్లాట్లలో పెట్టిన కార్డుల కింద ఇరుక్కుంటుందేమో ముందే కొలుచుకుని, హోల్డర్‌ను పవర్ సప్లైకి దూరంగా కేబినెట్ గోడకు వెల్‌క్రోతో అంటించండి.

మెషిన్ ఆన్ చేసి టైం సెట్ చేశాక ఆఫ్ చేసి, ప్లగ్గు పీకి, సెల్లుకు వరుసలో మీటర్ పెట్టి కరెంటు కొలవండి. మామూలుగా ఒక మైక్రో ఆంపియర్ లోపే ఉండాలి. పదుల్లో చూపిస్తే పాత సెల్లు పూర్తిగా తెగలేదు, లేదా ఫ్లక్సు సరిగా కడగలేదు. సీఆర్2032 సామర్థ్యం 220 మిల్లీ ఆంపియర్ గంటలు. అర మైక్రో ఆంపియర్ చొప్పున లెక్కకు యాభై ఏళ్లు వస్తుంది గానీ సెల్లు తనంతట తాను అంతకుముందే అరిగిపోతుంది, మన ఎండల్లో ఇంకా ముందే. అయినా ఫర్వాలేదు, అప్పుడు మార్చడానికి ఒక నిమిషం, వంద రూపాయల లోపు ఖర్చు చాలు. 5కు నాలుగున్నర. అర మార్కు తగ్గించింది గీకేటప్పుడు చెయ్యి జారితే చిప్పు చేజారిపోతుందన్న భయానికే.

పీపా బ్యాటరీ విషయం దీనికి పూర్తిగా వేరు. 3.6 వోల్టులు, 60 మిల్లీ ఆంపియర్ గంటలు, వార్టా (Varta) లాంటి కంపెనీలవి, 286 నుంచి 486 దాకా బోర్డుల మీద ఉంటాయి. అమిగా 2000, అమిగా 500 ప్లస్ అనే పాత కంప్యూటర్లలోనూ ఇదే. లోపల పొటాషియం హైడ్రాక్సైడ్ ఉంటుంది. సీలు వదిలాక అది బయటికి పాకి గాలి తగిలి తెల్ల పొడిగా మారుతుంది, రాగి గీతలకు పచ్చ చిలుము పడుతుంది. ఇది ఎక్కువగా కీబోర్డు సాకెట్ దగ్గరే ఉంటుంది కాబట్టి మొదట కీబోర్డు పోతుంది, తర్వాత పక్కనున్న స్లాట్లు. వేడికి ఈ కారడం ఇంకా తొందరవుతుంది. రేకుల గదిలో మే నెలంతా పెట్టిన బోర్డును చూస్తే తెలుస్తుంది.

బ్యాటరీని ఊపి పీకవద్దు, కింద అరిగిపోయిన ప్యాడ్లు ఊడి వస్తాయి. కటింగ్ ప్లయర్‌తో రెండు కాళ్లూ కత్తిరించి, మిగిలిన ముక్కలను లెడ్డు కరిగించి తీయండి. తర్వాత కిరాణాలో దొరికే తెల్ల వెనిగర్‌ను దూదిపుల్లతో చిలుము మీద అద్దండి. బుస్సుమని పొంగితే క్షారం ఇంకా ఉన్నట్టు. పొంగు ఆగేదాకా చేయండి. ఇత్తడి చెంబు తోమినట్టు చింతపండుతో తోమవద్దు, దాని జిగట, పీచు చిప్పుల కాళ్ల కింద ఉండిపోతాయి. కడగడానికి బోరు నీళ్లు కూడా వద్దు, మన వైపు నీళ్లలో ఉప్పు ఎక్కువ, ఆరాక తెల్లగా పేరుకుంటుంది. ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ ఏ బ్యాటరీ షాపులోనైనా దొరుకుతుంది, దానితో రెండుసార్లు కడిగి చివర ఐపీఏతో తుడవండి. ఎండలో పెట్టకుండా ఫ్యాను కింద ఒక రాత్రి ఆరనివ్వండి. నల్లబడిన గీత మీద లెడ్డు పట్టదు. మెరిసే రాగి కనిపించేదాకా సన్న ఎమరీ కాగితంతో గీకి ఫ్లక్సు రాయాలి. కీబోర్డు సాకెట్ నుంచి కీబోర్డు కంట్రోలర్ చిప్పు దాకా ప్రతి గీతనూ మీటర్ బీప్ మోడ్‌లో చూసి, తెగినచోట సన్న వైరు వేయండి.

దాని బదులు ఏం వేయాలి? కొత్త నికెల్ పీపా అదే జాగాలో వేయడం మళ్లీ అదే తెగులు తెచ్చుకోవడం. 5కు 1. కార్డ్‌లెస్ ఫోన్లలో వాడే 3.6 వోల్టుల నికెల్ మెటల్ హైడ్రైడ్ ప్యాక్ వైర్లతో బోర్డుకు దూరంగా పెడితే బోర్డు చార్జింగ్ సర్క్యూట్ మార్చకుండానే నడుస్తుంది, కారినా బోర్డు మీద కారదు. 5కు 3.

సీఆర్2032 వేయాలంటే ఒక్క విషయం మరువకూడదు. అది చార్జ్ చేసే సెల్లు కాదు. బోర్డు ఆన్ చేసి ఖాళీ ప్యాడ్ల మీద మీటర్ పెట్టండి, నాలుగైదు వోల్టులు వస్తే అక్కడ చార్జింగ్ ఉందని అర్థం. అలాంటప్పుడు ప్లస్ వైరులో డయోడ్ తప్పనిసరి, దాని గీత బోర్డు వైపు ఉండాలి. షాట్కీ రకం డయోడ్ అయితే వోల్టేజీ తక్కువ పడుతుందని 1ఎన్5817 వేయమని కొందరు చెబుతారు. ఇక్కడ అది సరికాదు. దాని రివర్స్ లీకేజీ ఎక్కువ, వేడికి ఇంకా పెరుగుతుంది, అంటే ఎండాకాలంలో మెషిన్ నడిచినంతసేపూ సెల్లులోకి కొద్దికొద్దిగా కరెంటు దూరుతూనే ఉంటుంది. మామూలు 1ఎన్4148 చాలు. 0.6 వోల్టు పడుతుందన్నది మిల్లీ ఆంపియర్లలో మాట. ఇక్కడ పారేది కొన్ని మైక్రో ఆంపియర్లే కాబట్టి 0.3, 0.4 వోల్టుకు మించదు. అయినా ‘బ్యాటరీ లో’ అని వదలకుండా అనే బోర్డులుంటాయి. వాటికి మూడు ఏఏ ఆల్కలైన్ సెల్లుల డబ్బా, అంటే 4.5 వోల్టులు, బోర్డు మీది నాలుగు పిన్నుల బయటి బ్యాటరీ కనెక్టర్‌కు ఇవ్వండి. ఎక్కువ బోర్డుల్లో 1 ప్లస్, 4 గ్రౌండ్, అయినా మీటర్‌తో చూసుకునే తగిలించండి. డబ్బా తగిలించేటప్పుడు లోపలి బ్యాటరీని ఎంచుకునే జంపర్ ఉంటే తీసేయాలి. హోల్డర్, డయోడ్ పద్ధతికి 5కు 4.

సెల్లు బదులు కరెంటు దాచుకునే సూపర్ కెపాసిటర్ గురించి పెద్దగా చెప్పాల్సింది లేదు. సెలవులకు మెషిన్ ఆపితే ఖాళీ అవుతుంది. పాత మ్యాక్‌లకు 3.6 వోల్టుల అర ఏఏ లిథియం సెల్లు, ఈఆర్14250, కావాలి. సీఆర్2032 దానికి బదులు కాదు. అది కూడా కారే రకమే కాబట్టి వాడని మ్యాక్‌లో సెల్లు ఉంచకండి.

సెల్లు కొనేటప్పుడు విడిగా డబ్బాలో పోసి అమ్మేవి తీసుకోవద్దు, తారీఖు ఉన్న బ్లిస్టర్ ప్యాక్ అడగండి. కొత్తది 3.2 వోల్టులకు అటుఇటుగా చూపాలి. సీఆర్2025 కూడా పడుతుందని షాపువాళ్లు ఇచ్చేస్తుంటారు. మందం 3.2కు బదులు 2.5 మిల్లీమీటర్లు కావడంతో హోల్డర్‌లో వదులుగా ఉండి, బల్ల కదిలిస్తే టైం పోతుంది. సెల్లు మీద నేరుగా ఐరన్ ఎప్పుడూ పెట్టకండి.

గడియారం సరిగ్గా నడుస్తోందా అన్నది మెషిన్ ఆన్‌లో ఉండగా చూసి లాభం లేదు. డాస్ బూట్ అయినప్పుడు ఒక్కసారి చిప్పును చదివి, ఆ తర్వాత సొంత లెక్క నడుపుతుంది. ఆఫ్ చేసి వారం తర్వాత చూడండి. నెలకు ఒక నిమిషం తేడా ఈ చిప్పులకు మామూలే. గది 45 డిగ్రీలకు పోయినప్పుడు 32.768 కిలోహెర్ట్జ్ క్రిస్టల్ నెమ్మదిస్తుంది, రోజుకు సెకను పైన వెనకబడుతుంది, అది సెల్లు తప్పు కాదు. డాస్ 3.3 నుంచి డేట్, టైమ్ కమాండ్లతో మార్చినా చిప్పులోకి ఎక్కుతుంది. అంతకు పాతది అయితే సెటప్ ఫ్లాపీ కావాలి.

సామాన్ల సంగతి. అనంతపురం, కర్నూలు, కడప మూడు ఊళ్లలోనూ సీఆర్2032కు, ఐపీఏకు, ఫ్లక్సుకు, సన్న వైరుకు సెల్‌ఫోన్ రిపేరు షాపులు చాలు. 1ఎన్4148 టీవీ మెకానిక్‌ల దగ్గర పాత బోర్డుల మీదైనా దొరుకుతుంది. దొరకనివి రెండే, వైర్లున్న మూత హోల్డర్, వెడల్పు 24 పిన్ సాకెట్. అనంతపురంవాళ్లు బెంగళూరు ఎస్పీ రోడ్డు నుంచి, కర్నూలువాళ్లు హైదరాబాద్ కోఠీ గుజరాతీ గల్లీ నుంచి తెప్పించుకోవచ్చు. సాకెట్ గుండ్రటి కాళ్ల రకమే అడగండి, చిప్పును మళ్లీ మళ్లీ తీసి పెట్టినా వదులు కాదు. తీసేసిన నికెల్ కాడ్మియం పీపాను చెత్తలో వేయకండి, కాడ్మియం విషం. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల కింద వాటిని వెనక్కి తీసుకునే ఏర్పాటు తయారీదారుల బాధ్యత. ఆ వీలు దొరికేదాకా మూతున్న ప్లాస్టిక్ డబ్బాలో వేసి పిల్లలకు అందకుండా పెట్టండి.